పాలకే కాదు, బ్రెడ్డుకూ తోడు వేయాలి

ముందురోజు కలిపిన పిండితోనే రుచి, నిలవ. పల్నాటి ఎండకు తగ్గట్టు వేళ మార్చుకుంటే చాలు

పల్లెల్లో బ్రెడ్డు అనగానే ఒకప్పుడు మొదట గుర్తొచ్చేది జ్వరం. ఎవరి చేతిలోనైనా బ్రెడ్డు పొట్లం కనిపిస్తే "ఇంట్లో ఎవరికి బాగాలేదు?" అని అడిగేవారు. లంఖణం తర్వాత వేడిపాలలో ముంచి పెట్టే పథ్యం అది. ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడబోయేవారు పట్టుకెళ్ళే వస్తువూ అదే. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఊళ్ళో కిరాణా కొట్టు ఉంటే అందులో బ్రెడ్డు ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లలకు, పళ్ళు ఊడిన పెద్దలకు, మిరప కోతలకు పెందలాడే బయల్దేరే ఇళ్ళల్లో పొద్దుటి టీతోనూ అది మామూలు తిండి అయింది.

కొట్లో కొనేదాన్ని ఇంట్లోనే చేసుకుందామని ముచ్చటపడే ఇల్లాళ్ళూ ఉన్నారు. అరకిలో మైదా, ఒక ఈస్ట్ పొట్లం తెచ్చుకుంటారు. చెంచా నిండా ఈస్ట్ వేసి, గోరువెచ్చని నీళ్ళతో కలిపి, గంటలో పొంగించి, వెంటనే కాలుస్తారు. వేడిమీద తింటే ఫరవాలేదనిపిస్తుంది. చల్లారాక ఈస్ట్ వాసన కొడుతుంది. మర్నాటికి ముక్క కోస్తే పొడిపొడిగా రాలుతుంది. కొన్నిసార్లు పైన ఇటుకరాయిలా గట్టిపడి, లోపల బంకగా ఉండిపోతుంది. "కొట్లో దొరికేదానికి ఇన్ని తంటాలెందుకు?" అని ఇంట్లోవాళ్ళు ఒక మాట అంటారు. దాంతో ఆ ఇల్లాలు ఆ ప్రయత్నమే మానుకుంటుంది. పిండి పోయింది, గ్యాసు పోయింది, ఉత్సాహమూ పోయింది.

ఇందులో ఆమె చేతి లోపం లేదు. లోపమల్లా తొందర. బ్రెడ్డుకు రుచినిచ్చేది ఈస్ట్ పరిమాణం కాదు, పిండికి ఇచ్చే వ్యవధి. కావలసిన పిండిలో కొంత భాగాన్ని ముందురోజే చిటికెడు ఈస్ట్‌తో కలిపి పులియనిచ్చి, మర్నాడు మిగతా పిండిలో కలుపుకుంటే అదే మైదా వేరే రుచి చూపిస్తుంది. బ్రెడ్డు రెండు మూడు రోజులు మెత్తగా నిలుస్తుంది. దీనికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు. కావలసింది ఒక రాత్రి.

తోడు పిండి అంటే

పాలు కాచి చల్లార్చి, చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగవుతుంది. ముందురోజు కలిపే ఈ పిండి చేసే పని కూడా అలాంటిదే. అందుకే దీన్ని తోడు పిండి అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. రొట్టె తిండే ప్రధానమైన దేశాల్లో ఇది కొత్త సంగతి కాదు. ఫ్రాన్సులో పిండి, నీళ్ళు సమంగా కలిపి జారుగా చేసేదాన్ని పూలిష్ అంటారు. ఇటలీలో గట్టిగా కలిపేదాన్ని బిగా అంటారు. ఇంగ్లీషువారు స్పాంజ్ అంటారు. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే. పని మొదలుపెట్టేది ముందురోజు, పొయ్యి వెలిగించేది మర్నాడు.

మన రాజధాని నగరంగా ఉండిన హైదరాబాదులో నాన్ రొట్టెలు చేసేవారు వాడే 'ఖమీర్' అన్న మాటకు అర్థం కూడా పులిసిన పిండి అనే. పోర్చుగీసువారు 1510లో గోవా చేజిక్కించుకున్నాక అక్కడ రొట్టెల వాడకం పెరిగింది. ఈస్ట్ దొరకని ఆ రోజుల్లో గోవా రొట్టెలవాళ్ళు పిండిని కల్లుతో పులియబెట్టేవారు. కేరళలో అప్పాల పిండికి కల్లు కలిపే అలవాటు నేటికీ ఉంది. కల్లులో నురగ తెప్పించేదీ, బ్రెడ్డును పొంగించేదీ ఒకే కోవకు చెందిన సూక్ష్మజీవి. దాని పేరే ఈస్ట్. పులియడం అనేది ప్రాణమున్న సూక్ష్మజీవుల పని అని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857 నుంచి వరసగా చేసిన పరిశోధనల్లో నిరూపించాడు. అంతకుముందు వేల ఏళ్ళుగా మనుషులు కారణం తెలియకుండానే ఆ పని చేయించుకుంటూ వచ్చారు.

దోసెపిండి తెలిసిన చేతికి కష్టం కాదు

నిజానికి ఈ విద్య మన వంటింటికి కొత్త కాదు. మినప్పప్పు, బియ్యం నానబోసి, రుబ్బి, రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఇడ్లీ పిండిలో ఈ పని ఎక్కువగా చేసేది పప్పుమీద సహజంగా ఉండే బాక్టీరియా. ల్యూకోనోస్టాక్ అనే జాతి అందులో ముఖ్యమైనది. అది పులుపునూ, గాలినీ పుట్టిస్తుంది. మినప్పప్పులోని జిగురు ఆ గాలిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతుంది. పప్పు తగ్గించి బియ్యం పెంచితే ఇడ్లీలు రాళ్ళవడానికి కారణం ఇదే.

బ్రెడ్డులో మినుముల జిగురు చేసే పనిని గోధుమలోని సాగే గుణం చేస్తుంది. మైదాను నీళ్ళతో కలిపి పిసికితే దానిలోని మాంసకృత్తులు రబ్బరులా సాగే వలగా ఏర్పడతాయి. దానికే గ్లూటెన్ అని పేరు. ఈస్ట్ పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. ఆ గాలి వలలో చిక్కి ముద్ద పొంగుతుంది. జొన్నపిండిలో ఈ వల ఏర్పడదు. అందుకే జొన్నరొట్టెను ఎంత పిసికినా తట్టి కాల్చుకోవలసిందే తప్ప బ్రెడ్డులా పొంగించడం కుదరదు. పల్నాటి ఇల్లాలి చేతికి జొన్నరొట్టె తట్టడం ఎంత వచ్చినా ఆ పిండితో బ్రెడ్డు రాకపోవడానికి కారణం పిండి స్వభావమే.

మరి రాత్రంతా ఉంచితే వచ్చే లాభమేమిటి? మూడు ఉన్నాయి. మొదటిది, చిటికెడు ఈస్ట్ రాత్రికి రాత్రి పిల్లలు పెట్టి పెరుగుతుంది. కాబట్టి మర్నాడు చెంచాలకొద్దీ వేయనక్కరలేదు. రెండోది, పిండిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. స్వల్పంగా పులుపూ, కమ్మని వాసనా పుడతాయి. ఇవి గంటలో వచ్చేవి కావు. మూడోది, నిదానంగా నానిన పిండి బాగా సాగుతుంది. మర్నాడు పిసికే శ్రమ తగ్గుతుంది. ఆ కొద్దిపాటి పులుపు వల్లనే బ్రెడ్డు త్వరగా ఎండిపోదు, బూజు పట్టడమూ కొంత ఆలస్యమవుతుంది.

కలిపే తీరు

అరకిలో మైదాతో ఒక పెద్ద బ్రెడ్డు అవుతుంది. తూకం ముఖ్యం కనుక కొట్లోనే 200 గ్రాములు ఒకటి, 300 గ్రాములు ఒకటి చొప్పున రెండు పొట్లాలు కట్టించుకుంటే ఇంట్లో తక్కెడ లేకున్నా ఇబ్బంది ఉండదు.

ముందురోజు 200 గ్రాముల పొట్లం విప్పి గిన్నెలో పోయాలి. 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళు, చిటికెడు ఇన్‌స్టంట్ ఈస్ట్ కలపాలి. చిటికెడు అంటే బొటనవేలు, చూపుడువేలు మధ్య ఇమిడేంత మాత్రమే. ఇంత తక్కువా అని అనుమానం రావడం సహజం. పాలగిన్నెకు చెంచాడు తోడు ఎలా చాలుతుందో ఇదీ అలాగే చాలుతుంది. ఉండలు లేకుండా గరిటెతో కలిపితే చాలు, పిసకనక్కరలేదు. పిండి దోసెపిండి కంటే చిక్కగా, గారెలపిండి కంటే జారుగా ఉండాలి. మూడు రెట్లు పట్టే గిన్నెలో పోసి, మూత వదులుగా పెట్టాలి.

ఇన్‌స్టంట్ ఈస్ట్ సన్నని గోధుమరంగు రవ్వలా ఉంటుంది. పొట్లం మీద గడువు తేదీ చూసి కొనాలి. విప్పిన పొట్లాన్ని గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. బేకరీల్లో వాడే ముద్ద ఈస్ట్ అడిగి తెచ్చుకుంటే దాదాపు మూడు రెట్లు వేసుకోవాలి. వేడినీళ్ళు వాడడం చాలామంది చేసే పొరపాటు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. మన ప్రాంతంలో గోరువెచ్చని నీళ్ళ అవసరం కూడా ఏడాదిలో చాలా నెలలు ఉండదు.

పక్వం తెలుసుకోవాలి

తోడు పిండికి గడియారం కంటే కన్ను, ముక్కు నమ్మకమైనవి. పక్వానికి వచ్చిన పిండి మొదటికి రెట్టింపు పైన పొంగి ఉంటుంది. పైన నిండా చిన్న చిన్న బుడగలు కనిపిస్తూ, ఒకటి పగులుతుంటే ఇంకొకటి లేస్తుంటుంది. మధ్యలో పిండి ఇప్పుడిప్పుడే కొద్దిగా గుంట పడుతున్నట్టు ఉంటుంది. గరిటెతో పక్కకు లాగితే లోపల తేనెపట్టులా గూళ్ళు, సాగే దారాలు కనిపిస్తాయి. వాసన తియ్యగా, పండిన పండులా, కొద్దిగా కల్లు ఛాయతో ఉంటుంది. అదే సమయం. వెంటనే వాడుకోవాలి.

ఇంకా గుంట పడకుండా పైకి ఉబ్బి నున్నగా ఉంటే ఇంకొంచెం ఆగాలి. పూర్తిగా కిందికి దిగిపోయి, గిన్నె గోడలకు చార మిగిలి, పైన నీరు తేరి, ముక్కు పొడిచే పుల్లవాసన వస్తే పక్వం దాటిందని అర్థం. అలాంటి పిండి కలిపితే బ్రెడ్డు పొంగదు. వల తెగిపోయి ముద్ద చేతికి అంటుకుంటుంది.

ఈ తేడా కనిపెట్టడంలో ఇంట్లో పెద్దవాళ్ళకున్న అనుభవం పనికొస్తుంది. "పొంగింది అత్తయ్యా, కానీ పుల్లగా వాసనొస్తోంది" అని కోడలంటే, "అది పొంగి కూచుంది తల్లీ, రేపు రెండు గంటలు ఆలస్యంగా కలుపు" అని చెప్పగలిగేది ఏళ్ళ తరబడి దోసెపిండి చూసిన అత్తగారే. ఆమె ఎన్నడూ బ్రెడ్డు చేసి ఉండకపోవచ్చు. పులుపు సంగతి మాత్రం ఆమెకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

ఎండాకాలం లెక్క వేరు

వంట పుస్తకాల్లో, సెల్‌ఫోన్ వీడియోల్లో రాత్రంతా ఉంచమని, 12 గంటలని, 16 గంటలని చెబుతుంటారు. ఆ లెక్కల్లో చాలాభాగం చలిదేశాల నుంచి వచ్చినవి. అక్కడ వంటింటి వేడి 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. రెంటచింతలలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అర్ధరాత్రి కూడా గదిలో 32, 33 డిగ్రీలు ఉంటుంది. సుమారు 8, 10 డిగ్రీల వేడి పెరిగితే ఈస్ట్ పని దాదాపు రెట్టింపు వేగంతో సాగుతుంది. చలిదేశపు లెక్కతో వైశాఖ మాసంలో పిండి కలిపి పడుకుంటే తెల్లారేసరికి గిన్నెలో మిగిలేది పుల్లనీళ్ళే. ఇంట్లో బ్రెడ్డు చెడిపోవడానికి తొందర మొదటి కారణమైతే, ఈ లెక్క తప్పడం రెండో కారణం.

ధనుర్మాసంలో చలి రాత్రుల్లో చిటికెడు ఈస్ట్‌తో కలిపిన పిండికి 12 నుంచి 14 గంటలు పడుతుంది. సాయంత్రం దీపాలవేళ కలిపితే పొద్దున్నే ముగ్గులు వేసి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. వానాకాలంలో గదిలో 28, 30 డిగ్రీలుంటే ఏడెనిమిది గంటలు చాలు. రాత్రి భోజనాలయ్యాక, పడుకోబోయే ముందు కలపాలి. నడివేసవిలో నాలుగైదు గంటలకే పక్వమవుతుంది. అప్పుడు రాత్రంతా వదిలేయకూడదు.

ఎండాకాలంలో ఈ పిండిని కాపాడుకోవడానికి నాలుగు ఉపాయాలున్నాయి. ఈస్ట్ సగం చిటికెడుకు తగ్గించాలి. కుండలో చల్లబడిన నీళ్ళు వాడాలి. పిండిని జారుగా కాక గట్టిగా కలపాలి. రెండు వేళ్ళకు వచ్చినంత ఉప్పు వేయాలి. గట్టిపిండిలో ఈస్ట్ నిదానంగా కదులుతుంది. ఉప్పు దాని దూకుడును ఇంకాస్త తగ్గిస్తుంది. 200 గ్రాముల మైదాకు 200 మిల్లీలీటర్ల నీళ్ళకు బదులు 110 మిల్లీలీటర్లు పోసి చపాతీ పిండిలా కలిపి, మిగిలిన నీళ్ళను మర్నాటి పిండిలో కలుపుకోవాలి. రెండు రోజులకూ కలిపి అరకిలో మైదాకు పట్టే నీళ్ళు 310 మిల్లీలీటర్లని గుర్తుంచుకుంటే ఎటు కలిపినా లెక్క తప్పదు.

గిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో ఉంచి, చుట్టూ తడిగుడ్డ కప్పితే పల్నాటి పొడిగాలికి చల్లబడి ఒకటి రెండు గంటల వ్యవధి కలిసివస్తుంది. పాలగిన్నెలు చెడకుండా ఫ్రిజ్‌లు రాకముందు పెద్దలు చేసిన పనే ఇది. ఫ్రిజ్ ఉన్నవారు కలిపిన పిండిని గంటన్నర బయట ఉంచి, బుడగలు మొదలవగానే లోపల పెట్టేస్తే మర్నాటి ఉదయం దాకా నిశ్చింతగా ఉండవచ్చు.

మర్నాటి పని

పక్వమైన తోడు పిండిలో 300 గ్రాముల పొట్లం పోయాలి. పావు టీచెంచా ఈస్ట్, ఒకటిన్నర టీచెంచాల ఉప్పు, ఒక పెద్ద చెంచా పంచదార, 110 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి ముద్ద చేయాలి. ముందురోజు గట్టిపిండి కలిపినవారు 200 మిల్లీలీటర్లు పోయాలి. పావుగంట మూతపెట్టి వదిలేసి, తర్వాత ఒక పెద్ద చెంచా నూనె గాని నెయ్యి గాని వేసి పదినిమిషాలు బాగా పిసకాలి. మొదట్లో చేతికి అంటుకుంటుంది. అప్పుడే పొడిపిండి చల్లేయకూడదు. ఆగకుండా పిసికితే అదే నున్నబడుతుంది. చిన్న ముక్క తుంచి వేళ్ళతో సాగదీస్తే తెగకుండా పల్చని పొరలా రావాలి. అదీ గుర్తు.

ముద్దను గిన్నెలో పెట్టి మూత వేస్తే గంట, గంటన్నరలో రెట్టింపవుతుంది. ఎండాకాలంలో ముప్పావుగంటకే కావచ్చు. మెల్లగా గాలి తీసి, గుండ్రంగా చుట్టి, నూనె రాసిన గిన్నెలో పెట్టాలి. ఎనిమిదంగుళాల వెడల్పు, మూడు నాలుగంగుళాల లోతు ఉన్న అల్యూమినియం గిన్నె సరిపోతుంది. ముద్ద గిన్నెలో సగానికి మించకూడదు. ఇంకో ముప్పావుగంటకు అది గిన్నె అంచు దగ్గరికి వస్తుంది. వేలితో నొక్కితే సొట్ట నిదానంగా పైకి లేవాలి. టక్కున లేస్తే ఇంకా ఆగాలి. అసలు లేవకపోతే ఆలస్యమైనట్టే.

పూర్తి గోధుమపిండితో చేయాలనుకునేవారు మొదట సగం మైదా, సగం గోధుమపిండి వాడి చూడాలి. గోధుమపిండి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. అందులోని పొట్టు వలను కోస్తుంది. కాబట్టి బ్రెడ్డు కాస్త తక్కువ పొంగుతుంది. కానీ కడుపుకు మంచిది. మైదా బ్రెడ్డు ఇంట్లో చేసినంత మాత్రాన చక్కెర వ్యాధి ఉన్నవారికి మేలు చేసేది కాదన్న సంగతి మరవకూడదు.

ఓవెన్ లేకున్నా ఆగదు

గోదావరి జిల్లాల్లో మినపరొట్టెను కింద నిప్పులు, మూతమీద నిప్పులు వేసి కాల్చే పద్ధతి ఉంది. బ్రెడ్డుకూ కావలసింది అదే, అన్నివైపుల నుంచీ నిదానమైన వేడి. పాతబడిన, అడుగు మందంగా ఉన్న పెద్ద డేగిసాలో రెండంగుళాల ఎత్తు పొడి ఇసుక పోయాలి. దానిమీద చిన్న ముక్కాలి పీట లాంటిది పెట్టి, బరువైన మూత వేసి, మధ్యరకం మంటమీద పావుగంట కాగనివ్వాలి. తర్వాత బ్రెడ్డు గిన్నెను లోపల దించి, మంట తగ్గించి, 50 నిమిషాల నుంచి గంటదాకా ఉంచాలి. మొదటి అరగంట మూత తీయకూడదు. మూతమీద నిప్పులు వేస్తే పైభాగం ఎర్రగా కాలుతుంది. నిప్పులు లేకపోతే పైభాగం తెల్లగానే ఉంటుంది. అలాంటప్పుడు చివరి పదినిమిషాలు బ్రెడ్డును తిరగేసి పెట్టుకోవచ్చు. పొడిగా కాగే ఈ పనికి ప్రెషర్ కుక్కర్‌ను బిగించి వాడడం మాత్రం ప్రమాదం.

ఉడికిందీ లేనిదీ తెలియాలంటే బ్రెడ్డును బయటికి తీసి అడుగున వేలితో కొట్టాలి. కుండమీద కొట్టినట్టు డొల్ల శబ్దం వస్తే కాలినట్టు. మెత్తగా మూగగా ఉంటే మళ్ళీ లోపల పెట్టాలి. తీసిన వెంటనే కోయడం మంచిది కాదు. గంటసేపు చల్లారితేగాని లోపలి తేమ సర్దుకోదు. వేడిలో కోసిన బ్రెడ్డు లోపల బంకగా కనిపించేది అందుకే. పిల్లల్ని ఆ గంటసేపు ఆపడమే ఈ పనంతటిలో కష్టమైన భాగం.

పులిసిపోతే పారవేయనక్కరలేదు

ఎంత జాగ్రత్త పడినా ఒకటి రెండుసార్లు వేళ తప్పుతుంది. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగవచ్చు, పొలంనుంచి రావడం ఆలస్యం కావచ్చు. పక్వం దాటిన తోడు పిండి బ్రెడ్డుకు పనికిరాకపోయినా వంటకు పనికొస్తుంది. అందులో కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపితే మంచి అట్లవుతాయి. గట్టిగా కలుపుకుంటే పునుగులు వేసుకోవచ్చు. రంగు మారినా, బూజు కనిపించినా మాత్రం ఆ పిండిని పారేయవలసిందే.

వారానికి రెండుసార్లు బ్రెడ్డు చేసే ఇంట్లో ప్రతిసారీ కొత్తగా తోడు పిండి కలపనక్కర కూడా లేదు. మొదటిసారి పొంగిన ముద్దనుంచి నిమ్మకాయంత కాక, గుప్పెడు తీసి మూతగిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకుంటే రెండు మూడు రోజుల్లో చేసే బ్రెడ్డుకు అదే తోడవుతుంది. పెరుగు గిన్నె అడుగున రేపటికని చెంచాడు మిగుల్చుకునే అలవాటు ఉన్న ఇంటికి ఇది చెప్పనక్కరలేని సంగతి.

తొందర తెచ్చిన మందు

బ్రెడ్డుకు వ్యవధి తగ్గించడం ఇంటి సమస్య మాత్రమే కాదు. ఇంగ్లండులో చోర్లీవుడ్ అనే చోట 1961లో కొత్త పద్ధతి కనిపెట్టారు. పిండిని యంత్రాలతో అతివేగంగా కలిపి, గంటల తరబడి పులియబెట్టే అవసరం లేకుండా చేశారు. మన దేశంలో 1965లో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ సంస్థను నెలకొల్పింది. యంత్రాలమీద తయారైన బ్రెడ్డు దాంతో సామాన్యులకు చేరువైంది. 2000లో ఆ సంస్థను ప్రభుత్వం ప్రైవేటు కంపెనీకి అమ్మేసింది. నగరాల్లో లక్షలమందికి రోజూ బ్రెడ్డు అందించాలంటే వేగం అవసరమే. దాన్ని తప్పుపట్టలేం.

అయితే ఆ వేగం కోసం పిండిలో కలిపే మందుల విషయంలో జాగ్రత్త తప్పింది. పిండి త్వరగా బలపడి బాగా పొంగడానికి పొటాషియం బ్రోమేట్ అనే రసాయనాన్ని వాడడం చాలాకాలం సాగింది. ఇది మనుషుల్లో కాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2016లో ఆ నగరంలో అమ్మే బ్రెడ్డు, బన్నులను పరీక్షించి వివరాలు బయటపెట్టింది. అదే ఏడాది జూన్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆ రసాయనాన్ని అనుమతించిన పదార్థాల నుంచి తొలగించింది. రాత్రంతా పులిసిన పిండి తనంతట తానే బలపడుతుంది. వ్యవధి చేసే పనినే ఆ రసాయనంతో నిమిషాల్లో చేయించబోయారన్నమాట.

చేతిలో పని ఉన్నవారికి

ఇంట్లో చేయి తిరిగాక ఇరుగుపొరుగుకు నాలుగు బ్రెడ్డులు చేసి అమ్ముదామనుకునే మహిళలు పొదుపు సంఘాల్లో ఉండవచ్చు. అలాంటివారికి తోడు పిండి రెండు విధాల కలిసివస్తుంది. ఈస్ట్ ఖర్చు తగ్గుతుంది. సరుకు ఒక్కరోజులో ఎండిపోదు కనుక మిగిలింది మర్నాడైనా అమ్ముకోవచ్చు. అమ్మకానికి దిగేముందు ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవడం తప్పనిసరి. చేసిన తేదీ పొట్లంమీద రాయాలి. ఎండాకాలంలో రెండో రోజు దాటిన బ్రెడ్డు అమ్మకూడదు. తొందరపడి పేరు పోగొట్టుకుంటే మళ్ళీ కొనేవారు రారు.

మొదటిసారి చేసేవారు పండుగనాడో, చుట్టాలు వచ్చిన రోజో పెట్టుకోకుండా మామూలు రోజు చేయడం మంచిది. కలిపిన వేళ, పక్వమైన వేళ, ఆనాటి ఎండ క్యాలెండరు మీద రాసుకుంటే మూడు నాలుగుసార్లలో తమ ఇంటి లెక్క తమకే తెలిసిపోతుంది. మాచర్లలో రాతి మిద్దె కింద కుదిరిన వేళ, సత్తెనపల్లిలో రేకుల ఇంట్లో కుదరదు. ఒకే ఊళ్ళో వీధి వంటింటికీ, పెరటి వంటింటికీ తేడా ఉంటుంది. ఎవరి గిన్నెకు వారే కాపలా కాయాలి.

దోసెపిండి కూడా పొట్లాల్లో కొనుక్కునే రోజులు పల్లెల దాకా వచ్చాయి. పులుపు వాసన చూసి వేళ చెప్పగలిగే పెద్దలు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళు ఉండగానే ఆ గుర్తులు కోడళ్ళు, కూతుళ్ళు నేర్చుకోవాలి. అరకిలో మైదాతో అది మొదలుపెట్టవచ్చు.